సున్నం బట్టీ ఆమె

ఆ పొద్దున లాబొరేటరీ గదిలో ఉన్నవి: త్రాసు ఒకటి, తూకపురాళ్ళ పెట్టె ఒకటి, నమూనా పెట్టి కాల్చే మట్టిమూసలు ఆరు, వాటిలో రెండు నెర్రె ఇచ్చినవి, మూలన బొగ్గుల కొలిమి, దానికి చేత్తో తిప్పే గాలిచక్రం, బల్ల కింద సిమెంటు నమూనా డబ్బాలు పధ్నాలుగు. సున్నం నమూనా సంచి ఒక్కటీ లేదు. మనుషులం ఇద్దరం: బల్ల వెనక నేను, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డ బండి అతను. అతను ఏళ్ళ తరబడి పానగల్ తోవలోని బట్టీ నుంచి మా కాలువ పనులకు సున్నం తోలినవాడు.

"బట్టీ ఆమె పోయింది సారూ," అన్నాడు. "మొన్న అమాస నాడు."

"ఏమైంది?"

"ఏం గాలె. పొద్దుగాల బట్టీ పేర్పిచ్చింది, నిప్పేసింది, ఇంటికొచ్చి జర సేపు ఒరిగింది. మల్ల లేవలె."

నాకు వెంటనే నోటికొచ్చిన ప్రశ్న ఒకటే. "మరి బట్టీ?"

బండి అతను తలెత్తి చూశాడు. "మీరు గూడ గదే అడిగిండ్రు. ఊళ్ళె అందరు గదే అడిగిండ్రు. నిప్పు వడ్డంక మూడొద్దులు కాలాలె గద. కోడలు కూసున్నది. శవం లేసినంక తలమీద నీళ్ళు వోసుకొని సక్కగ బట్టీ కాడికే వోయింది."

అతను వెళ్ళిపోయాక పాత రిజిస్టర్లు తీసి ఆమె పేరు కోసం వెతికాను. లేదు. నమూనాల పట్టీలో ఆ బట్టీ ఎదురుగా రాసి ఉన్నది ఆమె మొగుడి పేరు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అతను పోయి పదేళ్ళు దాటింది. కాగితాల్లో అతనే సున్నం కాల్చేవాడు. ఆమెవి కేవలం వేలిముద్రలు, వరసగా ఎనభై దాకా. ఊళ్ళో ఆమెను బట్టీ ఆమె అనేవారు, మేమూ అదే అన్నాం. ఆరేళ్ళలో పేరు అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. అందుకని పేరు లేకుండానే రాస్తున్నాను.

నేను కొత్తకోట దగ్గరివాణ్ణి. రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. పాసయి ఇరవై రెండో ఏట నల్లగొండలో కాలువల సబ్‌డివిజన్ లాబొరేటరీకి వచ్చాను. అప్పట్లో సిమెంటు దొరకడం కష్టం. తూములు, కాలువను వాగు మీదుగా దాటించే అక్విడక్టులు, వంతెన కమానులు అన్నీ గానుగలో నూరిన సున్నం, ఇటుకపొడితో కట్టేవాళ్ళు. సున్నం సరిగా కాలిందా లేదా చూసి చెప్పడం నా పని. చేరిన వారానికే బట్టీలు చూసి రమ్మన్నారు. అలా మొదట వెళ్ళింది ఆమె దగ్గరికే.

దూరం నుంచి చూస్తే ఆమె వయసు తెలిసేది కాదు. కనుబొమలు, కనురెప్పలు, మోచేతుల దాకా చేతులు అన్నీ తెల్లగా ఉండేవి. ఒకసారి ఏదో పండగకు తలంటుకుని వీధిలో ఎదురైతే నేను గుర్తుపట్టలేదు. నలుపు మనిషి, యాభై దాటని మనిషి, నవ్వుతూ నిలబడింది. "ఏంది సారూ, సున్నం లేకుంటె గుర్తువట్టవా?" అంది.

బట్టీ గట్టు దగ్గర ఇత్తడి చెంబులో ఎప్పుడూ ఆముదం ఉండేది. సున్నం ముట్టుకునే ముందు ఎవరైనా సరే చేతులకు ఆముదం పూసుకోవాలి. పూసుకోమని చెప్పేది కాదు, చేయి పట్టి లాగి తానే పోసేది. మొదటిరోజు నా చేతులకు పోసి, అరచేతులు తిప్పి చూసి, "ఎక్కడోనివి?" అనడిగింది.

"పాలమూరు జిల్లా."

"పాలమూరోల్లకు మట్టి తవ్వుడు తెలుసు గని రాయి కాల్చుడేం తెలుసు?" అని పక్కన రాళ్ళు పగలగొడుతున్న కోడలితో అంది, నాకు వినపడేలాగే. కోడలు ముఖం తిప్పుకుని నవ్వింది. ఆనాటి నుంచి నేను 'పాలమూరు సారు'ని.

తర్వాత రెండు రాళ్ళు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది. ఒకటి బట్టీలోకి పోవాల్సిన పచ్చిరాయి, ఒకటి బట్టీలోంచి వచ్చిన సున్నపుగడ్డ. రెండూ చూపుకు ఒకటే సైజు. బట్టీకి కొత్తగా ఎవరొచ్చినా ఆమె పెట్టే పరీక్ష ఇదని తర్వాత తెలిసింది.

"ఏది బరువు?"

"పచ్చిది."

"గింత రాయి గంతే ఉన్నది గద. బరువేడ వోయింది?"

నేను చదువుకున్నదంతా చెప్పాను. సున్నపురాయిలో ఒక గాలి కట్టుబడి ఉంటుందని, బాగా ఎర్రగా కాలినప్పుడు ఆ కట్టు విడిపోయి గాలి బయటికి పోతుందని, నూరు పాళ్ళ శుద్ధమైన రాయిలో నలభై నాలుగు పాళ్ళు అలా పోయి యాభై ఆరు పాళ్ళ సున్నం మిగులుతుందని. ఆమె మధ్యలో ఆపకుండా వింది. వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది.

"మా మామ చెప్పిన లెక్క, రూపాయి బరువు రాయికి తొమ్మిదణాల బరువు సున్నం," అంది. "కలుస్తదా?"

నేను జేబులోంచి పెన్సిలు తీసి అట్ట వెనక లెక్క వేశాను. రూపాయికి పదహారణాలు. నూటికి యాభై ఆరంటే పదహారుకు ఎనిమిది పాయింట్ తొంభై ఆరు.

"కలుస్తుంది," అన్నాను.

"కలవకేం జేస్తది," అని ఆ రెండు రాళ్ళూ తీసుకుని వెళ్ళిపోయింది. నా చదువుకు నూటికి నూరు మార్కులు అక్కడ పడ్డాయని ఆ వెళ్ళే తీరులో తెలిసింది.

ఆమె మాటలు కొన్ని నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. వాటిలో ఎక్కువ భాగం నిప్పు గురించే. "నిప్పు ఏం పెట్టది కొడుకా. ఇడిపిస్తది." ఇంకొకటి: "తొందరవడ్డ నిప్పు రాయిని పెంక జేస్తది." అంటే మంట మరీ ఎక్కువైతే రాయి మాడి, నీళ్ళు పోసినా పగలని బిళ్ళ అవుతుందని. ఎంత వేడి చాలునో ఆమె రంగుతో చెప్పేది. బట్టీ అడుగున చేయి పట్టేంత కంత ఒకటి ఉంటుంది, దాన్ని కన్ను అంటారు. ఆ కన్నులోంచి చూసి, "ఇంక పొద్దు పొడిసినట్టే ఉన్నది. బారెడు పొద్దెక్కినట్టు గావాలె," అనేది. ఆ రంగు నా కొలిమిలో మూస రంగుతో పోల్చి చూసుకున్నాను. ఆమె చెప్పిన దగ్గరే రాయి బరువు పోగొట్టుకుంటుంది. అంతకు ముందు ఎంతసేపు కాల్చినా లాభం లేదు.

తమలపాకు వేసుకునేది, ఆకుకు మాత్రం సున్నం రాసేది కాదు. ఎందుకని అడిగితే, "పొద్దంత మింగుతనే ఉన్న గద, మల్ల రాసుడెందుకు?" అంది.

ఆ బట్టీ దగ్గర నేను చూసిన వింత పద్ధతి దీపం. గట్టుకు గాలివాటు పక్కన, మోకాలి ఎత్తులో, ఒక గూడు ఉండేది. బట్టీ మండినన్ని రోజులూ పట్టపగలు కూడా ఆ గూట్లో చిన్న ప్రమిద వెలుగుతుండాలి. దేవుడి దీపం అనుకున్నాను. కాదని ఒక చలికాలపు ఉదయం తెలిసింది.

అప్పుడే బదిలీ మీద వచ్చిన ఆఫీసరు గారిని నేనే బట్టీ చూపించడానికి తీసుకెళ్ళాను. ఆయనది కృష్ణ అవతలి ఊరు, మంచి మనిషి, చలి పడనివాడు. గట్టు వెచ్చగా ఉందని రుమాలు పరుచుకుని, ఆ గూటి పక్కనే కూర్చుని సిగరెట్ తీశారు. ఆమె అటునుంచి బొగ్గులు కెలికే కర్ర పట్టుకుని వచ్చింది.

"సారూ, లేవుండ్రి."

"ఎవరమ్మా నువ్వు?"

"ముందుగాల లేవుండ్రి. ఎవరో ఎనుక చెప్త."

ఆయన నావైపు చూశారు. నేను చెప్పబోయేలోపే ఆమె కర్రతో గూడు చూపించింది. గాలి తిరిగినట్టుంది, ప్రమిదలో మంట చిన్నదై, నీలంగా ఒకసారి లేచి, ఆరిపోయింది. నూనె నిండుగానే ఉంది.

"గది రాయి ఊపిరి," అంది ఆమె. "వాసన రాదు, కండ్లకు కనిపియ్యది. దీపం ఆరినకాడ మనిషి గూసుంటె మనిషి ఆరుతడు. ఇంటికాడ మిమ్ముల ఎదురుసూసేటోల్లు లేరా?"

ఆఫీసరు గారు లేచారు, రుమాలు అక్కడే మరిచిపోయారు. ఆ గాలి మామూలు గాలికన్నా బరువని, పల్లంలో నిలుస్తుందని నేను తోవలో ఆయనకు వివరించాను. ఆయన తల ఊపి, "ఆవిడ ఇంకా బాగా చెప్పింది," అన్నారు.

ఆ దీపం ఎందుకు మొదలైందో బండి అతను చెప్పాడు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె కూడా చెప్పింది, పెద్ద విషయం కానట్టు, రాళ్ళ సైజు ఏరుతూ. రజాకార్ల గడబిడ నాటి చలికాలం. ఇళ్ళలో పడుకోవడానికి మగవాళ్ళు జంకే రోజులు. "ఊళ్ళె ఉంటె తుపాకి భయమని మా ఇంటాయన బట్టీ అంచుకు వన్నడు. ఎచ్చగ ఉంటదని. తుపాకి ఏం జెయ్యలె. రాయి జేసింది." అని చేతిలోని రాయిని కుప్ప మీదికి విసిరింది. "అప్పటిసంది దీపం వెడ్తున్న."

ఇక ఆమె నా గదికి వచ్చిన రోజు గురించి రాయాలి. ఆ రోజుకు ముందు జరిగిన నా తప్పు కూడా రాయాలి.

పద్ధతి ఇది: పనికి వచ్చే ప్రతి సరుకు నుంచీ నమూనా తీసి, గుడ్డసంచిలో కట్టి, లక్కముద్ర వేసి, వరస నంబరు రాసి నా అలమారలో పెడతారు. సున్నమైతే సంచికి పన్నెండు గడ్డలు. నేను నంబరు వరసన పరీక్ష చేసేవాణ్ణి. ఒక నంబరు దాటి ఇంకో నంబరు ముట్టేవాణ్ణి కాదు. ఎవరు వచ్చి బతిమాలినా ముట్టేవాణ్ణి కాదు. ఆ కచ్చితత్వం నా గొప్ప అనుకునేవాణ్ణి.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. కొలిమి బొగ్గులు తడిశాయి. అలమారలో సంచులు ముప్పై ఒకటి పేరుకున్నాయి. వాటిలో ముప్పై ఇసుకవి, ఇటుకపొడివి, ఇటుకలవి. సున్నం సంచి ఒక్కటే, ఆమెది. మిగతా బట్టీలన్నీ వానలకు ఆగిపోయాయి. ఆమె మాత్రం బట్టీ మీద తాటికమ్మల పందిరి వేసి కాల్చింది. ఆమె సంచి వరసలో ఇరవై ఏడోది. దాని వంతు వచ్చేసరికి పందొమ్మిది రోజులయింది.

సంచి విప్పితే గడ్డలు పదకొండే ఉన్నాయి, అడుగున మెత్తటి పొడి ఉంది. ఒక గడ్డ విరిగి పొడి అయి ఉంటుందనుకున్నాను. నిబంధన ప్రకారం గడ్డలు పగలగొట్టి, దంచి, కలపాలి. పొడి సిద్ధంగానే ఉంది, దంచే శ్రమ తప్పిందని సంతోషించి ఆ పొడినే తూచాను. మూసలో పెట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ తూచాను. బాగా కాలిన సున్నాన్ని ఎంత కాల్చినా ఇంక పోవడానికి ఏమీ ఉండదు. నూటికి ఏడు పాళ్ళకు మించి పోతే అది సరిగా కాలని సున్నమని మా లెక్క. ఇది ఇరవై ఆరు పోయింది. నమ్మలేక రెండోసారి చేశాను. మళ్ళీ ఇరవై ఆరు. 'పచ్చిసున్నం' అని రాసి పంపాను.

మూడోరోజు ఆఫీసరు గారి బల్ల మీద ఉత్తరం తయారైంది. ఆ బట్టీని ఆమోదించిన బట్టీల పట్టీ నుంచి కొట్టివేయాలని. సంతకం ఒక్కటే మిగిలింది. పట్టీలోంచి పేరు పోతే ఆ సున్నం ఏ కాలువ పనికీ కొనరు. ఊళ్ళో ఇళ్ళకు వెల్ల వేసుకోవడానికి ఏడాదికి ఒక బట్టీ సున్నం చాలు. ఆమె ఏడాదికి పధ్నాలుగు కాల్చేది.

కబురు ఎలా తెలిసిందో గాని, ఆ మధ్యాహ్నమే గుమ్మంలో నిలబడింది. తడిసిన గోనె తలమీద కప్పుకుని ఉంది. ఊరి నుంచి నడిచి వచ్చింది.

"పాలమూరు సారూ, నా రాయి పచ్చిగున్నదని రాసినవట?"

"నేను రాయలేదు, పరీక్ష చెప్పింది," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసే జవాబు.

"పరీక్ష నీకు చెప్పిందా? గట్లనా? నేను ఇరవై ఏండ్లసంది అడుగుతున్న, నాకెన్నడు నోరు దెరిసి చెప్పలె." గోనె తీసి గుమ్మం పక్కన పిండింది. "బట్టీ సల్లారితె మల్ల రాజేసుడు నాతోని గాదు సారూ. ఇడిసిన బట్టీల పాములుంటయి, మనుషులుండరు. పెద్ద సారుతోని ఒక్క మాట చెప్పి పోత."

ఆఫీసరు గారు తిరుమలగిరి వైపు పని చూడటానికి వెళ్ళారు, సాయంత్రానికి గాని రారు. ఆమె గుమ్మంలోనే కూర్చుంది. బయట వాన. గదిలో మేమిద్దరమే, మా మధ్య ఆ ఉత్తరం. నాకు చేతులు ఊరుకోలేదు. స్టవ్ వెలిగించి, బడిపిల్లలకు చూపించడానికి ఉంచిన మైలుతుత్తం పలుకు ఒకటి గాజుగొట్టంలో వేసి మంట మీద పట్టాను. మైలుతుత్తం ఆమెకు తెలుసు, చేలకు కొడతారు. నీలం పలుకు పొగలు కక్కి తెల్లటి పిండి అయింది. గొట్టం మూతి దగ్గర నీటిబొట్లు నిలిచాయి.

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. "తెల్లగైంది! సున్నమైందా?"

"కాదు. దీనిలో దాగిన నీళ్ళు పోయాయి. చూడు." ఒక బొట్టు నీళ్ళు వేశాను. నీలం తిరిగి వచ్చింది.

"అబ్బ!" అని చిన్నపిల్లలా నవ్వింది. వచ్చిన పని ఒక నిమిషం మరిచిపోయింది. "ఇంకోటి జెయ్యి."

కిటికీలోని పాత రాగిచెంబు మీది పచ్చటి చిలుము గీకి వేడి చేశాను. అది నల్లబడింది. దానికి కూడా నీళ్ళు వెయ్యమంది. వేశాను. నల్లగానే ఉండిపోయింది.

"గిది రాదు?"

"రాదు. దీనిలోంచి నీళ్ళతో పాటు గాలి కూడా పోయింది. మీ రాయిలోంచి పోయే గాలే."

ఆమె రెండు గొట్టాలనూ మార్చి మార్చి చూసింది. పెదవులు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుంది.

"నీలపుదానికి నీళ్ళిస్తె మొదటికొస్తది," అంది మెల్లగా. "నల్లది రానే రాదు. నాదానికి నీళ్ళిస్తె ఉడుకుతది, మొదటికి రాదు. నాదానికి నీళ్ళిచ్చి, ఎనుక గాలిస్తెనే మొదటికొస్తది. గోడకు ఏసినంక రాయైతది సూడు, గట్ల. అందుకే నేను కాల్చిన సున్నం కుండల వోసి మూతికి మట్టి మెత్తుత. నువ్వు ఏంట్ల వెట్టినవు?"

అలమార వైపు చూశాను. గుడ్డసంచి. శ్రావణమాసం. పందొమ్మిది రోజులు. ఆ మార్పు రెండు వైపులా నడుస్తుందని పుస్తకంలో బాణం గుర్తు ఇటొకటి, అటొకటి గీసి ఉంటుంది. పరీక్షలో ఆ రెండో బాణం మరిచిపోతే అర మార్కు పోతుంది. నేను నా అలమారలో మరిచిపోయాను. ఇసుక పందొమ్మిది రోజులున్నా ఇసుకే. సున్నం తేమ తాగింది, గాలి తాగింది, పొడి అయింది. ఆ పొడినే నేను తూచాను.

"కొత్త నమూనా తీసుకుంటాను," అన్నాను. "రేపే వస్తాను, కుండలోదే తీస్తాను."

ఆ మాట అంటుండగానే ఆఫీసరు గారు లోపలికి వచ్చారు, గొడుగు దులుపుకుంటూ. జరిగింది చెప్పాను. ఆయన విని, తల అడ్డంగా తిప్పారు. "కొత్త నమూనా ఎలా కుదురుతుందయ్యా? అది ఆ బట్టీదేనని ఎలా తెలుస్తుంది? తప్పిందని చెప్పిన నమూనా మీదే తప్పలేదని తేలాలి. ఆ సంచి ఇప్పుడు పాడైపోయిందని నువ్వే అంటున్నావు. ఇంక దానిలో ఏం తేలుతుంది?"

ఆమె ఆయన ముందుకు వచ్చింది.

"సారూ, గడ్డలు ఉన్నయా?"

"పదకొండు ఉన్నాయి," అన్నాను.

"అయితె పలగ్గొట్టుండ్రి. నిప్పు రాయిల బయటినుంచి లోపటికి వోతది. పచ్చిగ మిగిలితె నడుమ మిగులుతది. గాలి గూడ బయటినుంచే లోపటికి వోతది. చెడితె పైన చెడుతది, నడుమ చెడది. పైదంత గీకెయ్యుండ్రి, నడుమ సూడుండ్రి. నడుమ రాయుంటె నాది తప్పు. నడుమ సున్నముంటె ఈ సారుది తప్పు."

ఆఫీసరు గారు నావైపు చూశారు. "సరైనదేనా?"

"సరైనదే," అన్నాను. ఇంతకన్నా సరైన పరీక్ష నాకు తెలియదు.

వసారాలో నాపరాయి మీద గడ్డలు వరసగా పెట్టాను. సుత్తి నేను పట్టాను, చెంబు ఆమె పట్టబోతే ఆఫీసరు గారు వద్దని తానే తీసుకున్నారు. ఇరుపక్షాలూ కాని చేయి ఉండాలని. మొదటి గడ్డ పై పెచ్చులు రాల్చి, నడిమి ముక్క పగలగొట్టి పెట్టాను. ఆయన దోసెడు నీళ్ళు పోశారు.

ఏమీ కాలేదు. నీళ్ళు ఇంకాయి, అంతే. వాన చప్పుడు వినిపిస్తోంది. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

"జర ఆగుండ్రి," అంది ఆమె. "కొత్తపెండ్లికూతురు లెక్క. ఎంబడే మాట్లాడది."

ముక్క మీద సన్నని గీత పడింది. ఇంకో గీత. బుస్సుమని ఆవిరి లేచింది. ముక్క పువ్వులా విచ్చుకుని, ఉబ్బి, తెల్లటి పిండిగా కూలింది. ఆఫీసరు గారు వేలు పెట్టబోయి, వేడికి వెనక్కు తీసుకున్నారు. ఆమె గట్టిగా నవ్వింది. "ఆముదం రాసుకోక పాయె!"

రెండోది ఉడికింది. మూడోది, నాలుగోది ఉడికాయి. వసారా అంతా ఆవిరి. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో దాని మీద నీళ్ళు పోస్తే జారిపోయాయి. ఆగాం. మళ్ళీ పోశారు. ముక్క తడిసి బూడిద రంగులో మెరిసింది, అంతే.

నేను దాన్ని పక్కకు తోసి తొమ్మిదోది అందుకోబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది. ఆ ముక్క తీసి గోటితో గీకి, నాలుకకు తాకించి చూసింది.

"గిది పచ్చిదే. నడుమ రాయే ఉన్నది. రాస్కో."

"ఒక్కటే కదా," అన్నాను గొంతు తగ్గించి. "రాయకపోయినా—"

"రాస్కో బిడ్డా. ఉన్నది రాయకుంటె, మిగిలినయి గూడ నువ్వు నా మొకం సూసి రాసినవంటరు. గీ రాయి బట్టీ అంచుకు వడ్డది, నిప్పు అందలె. నా తప్పే. రాయి."

రాశాను. మిగతా మూడూ పగలగొట్టాను. ఒకటి ఆలస్యంగా, రెండు వెంటనే ఉడికాయి. ఆఫీసరు గారు చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఆ ఉత్తరం తెచ్చి, అడ్డంగా గీత కొట్టి నా చేతికి ఇచ్చారు. "నువ్వు పొడి తూచిన సంగతి కూడా రాయి," అన్నారు. "ఇకమీదట సున్నం సంచి వస్తే నంబరు చూడొద్దు. ఆ రోజే చెయ్యి. గుడ్డసంచి కాదు, ఆమె చెప్పినట్టు కుండ."

ఆమె ఎవరికీ దండం పెట్టలేదు. ఆ పచ్చిరాయి ముక్కను కొంగున కట్టుకుంది. ఎందుకని ఆఫీసరు గారు అడిగితే, "మల్ల బట్టీల ఏస్త సారూ. సగం కాలినదాన్ని పారేస్తరా?" అని, గోనె తలమీద వేసుకుని వానలోకి దిగింది.

బండి అతను వెళ్ళాక నేను తీసిన రిజిస్టరులో ఆ పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. ఎర్రసిరాతో 'పచ్చిసున్నం' అన్న మాట, దాని మీద గీత, గీత పక్కన ఆఫీసరు గారి పొట్టి సంతకం, నా సంతకం, ఆమె వేలిముద్ర. వేలిముద్ర సిరాలో కాదు, తడిసున్నంలో పడింది. కాగితం ముడుచుకుంది గాని రేఖలు తెలుస్తున్నాయి. కింద నా చేతిరాతలో పొడి తూచిన సంగతి, దాని కింద మూడు వరసలు.

పగలగొట్టిన గడ్డలు: పదకొండు.
ఉడికినవి: పది.
ఉడకనిది: ఒకటి.